ధర తెలియదని సంతకం

మంగళవారం ఉదయం విశ్వవిద్యాలయం సమాచార అధికారి మూడు పనులు మనసులో పెట్టుకుని ఇంట్లోంచి బయలుదేరాడు. పదింటికల్లా ఆఫీసుకు చేరి, బల్ల మీద మిగిలిపోయిన ఒకే ఒక్క దరఖాస్తును తిప్పికొట్టాలి. పన్నెండింటికి దర్జీ దగ్గరికి వెళ్ళి, కొత్త కోటు భుజాల దగ్గర సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచేసి ఒక కునుకు తియ్యాలి. కోటు శుక్రవారం నాటి ఇంటర్వ్యూ కోసం. ఆ ఇంటర్వ్యూలో గట్టెక్కితే ఆయన రిజిస్ట్రారు అవుతాడు. పదకొండేళ్ళుగా ఆయనకు వేరే కల లేదు.

సమాచార అధికారి అంటే అడిగినవాళ్ళకు సమాచారం ఇచ్చేవాడని చట్టం అనుకుంటుంది. చట్టం అమాయకురాలు. ఆరేళ్ళలో మూడువందల నలభై దరఖాస్తులు వస్తే, మూడువందల ముప్ఫైతొమ్మిదింటికి ఈయన "ఇవ్వడం కుదరదు" అని జవాబిచ్చాడు. ఆ మిగిలిన ఒక్కటి ఆఫీసు పనివేళలు అడిగింది. అవి గేటు మీదే రాసి ఉన్నాయి కాబట్టి ఇవ్వక తప్పలేదు. క్యాంపస్‌లో అందరూ ఆయన్ని తాళంకప్ప అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోతాడు, అదీ ఆయన తెలివి.

ఇప్పుడు బల్ల మీద ఉన్న మూడువందల నలభై ఒకటో దరఖాస్తు ఒక వకీలమ్మది. కోర్టు ఎదురుగా, జిరాక్సు షాపు పైన ఒక గదిలో ముప్ఫైమంది జూనియర్ వకీళ్ళు కుర్చీలు పంచుకుని పనిచేసుకుంటారు. వాళ్ళలో ఆవిడొకతె. ఈ రోజుల్లో పాత తీర్పులన్నీ ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఉంటాయి. అది ఉన్న పెద్ద వకీలు జడ్జి ముందు పది తీర్పులు చదువుతాడు, లేని జూనియరు నోరు మూసుకుని నిలబడతాడు. అది అమ్మే కంపెనీవాళ్ళను ధర అడిగితే, ఆ గదిని కుర్చీలతో సహా అమ్ముకున్నా చాలనంత చెప్పారు. బేరమాడదామంటే అసలు ధరేమిటో ఎవరికీ తెలియదు. అందుకని ఆవిడ ఒకే ఒక్క వాక్యం రాసి పంపింది: మీ లా కాలేజీ కోసం ఆ డేటాబేస్‌కు ఏడాదికి ఎంత కడుతున్నారు?

జనం సొమ్ముతో కొన్న వస్తువు ధరను జనం అడిగితే చెప్పడానికి నొప్పేమిటని మీరు అడగవచ్చు. తాళంకప్పను మాత్రం అడగకండి. ఆరేళ్ళ కిందట ఆ బేరం కుదిర్చింది ఆయనే. అప్పుడు కంపెనీ మనిషి కుర్చీ దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పాడు: "నలభై శాతం తగ్గింపు సార్. మీకు మాత్రమే. బయటికి పొక్కితే తగ్గింపు పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది." ఆ రోజు నుంచి ఈయన ఆ అంకెను గుండెల్లో పెట్టుకుని కాపాడుతున్నాడు. వార్షిక లెక్కల్లో కూడా దాన్ని "పుస్తకాల బైండింగు, ఫినాయిలు, ఇతరములు" అన్న పద్దులో కలిపేయించాడు. ఫినాయిలు ఇంత ఎందుకైందని ఆరేళ్ళలో పాలకమండలి సభ్యుడు ఒక్కడూ అడగలేదు. చదివితే కదా అడగడానికి!

జవాబు గడువు ముప్ఫై రోజులు. ఇది ఇరవై ఎనిమిదో రోజు. మామూలుగా అయితే రెండు ముక్కలు రాసి పంపేసేవాడు. కానీ శుక్రవారం ఇంటర్వ్యూ. తన మీద ఒక్క అప్పీలు కూడా లేదని ఆయన బయోడేటాలో మొదటి వాక్యంలోనే రాసుకున్నాడు. వకీలమ్మ ఈలోగా అప్పీలుకు వెళితే ఆ వాక్యం కొట్టేసుకోవాలి. అందుకని ముందు విశ్వవిద్యాలయం న్యాయ సలహాదారుకు ఫోన్ చేశాడు.

"ఈ ధర రహస్యం, ఇవ్వం అని రాసేస్తే సరిపోతుందాండీ?"

"ఎలా సరిపోతుంది? ఆవిడ వకీలు. 'రహస్యమేంటి, సగం యూనివర్సిటీకి తెలుసు' అని రేపు వాదిస్తే మీ దగ్గర జవాబేముంది? ఎవరికీ తెలియదని రుజువుందా?"

"తెలియదని రుజువెక్కడుంటుందండీ?"

"కాగితం మీద ఉంటుంది. మీ వాళ్ళందరి చేతా తెలియదని రాయించుకోండి. అంతే," అని న్యాయ సలహాదారు ఫోన్ పెట్టేశాడు. సలహా ఎలా అమలు చెయ్యాలో చెప్పడం ఆయన ఫీజులో లేదు.

తాళంకప్ప వెంటనే సూపరింటెండెంటును పిలిచాడు. ఆవిడ ఆ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తోంది. ఎనిమిదిమంది అధికారులను చూసింది. ఎవరేం చెప్పినా ముఖంలో ఒక్క గీత కదలనివ్వకుండా వింటుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. మూర్ఖుడైన అధికారి మీద కసి తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది.

"అందరికీ ఒక సర్టిఫికెట్టు ఫారం పంపాలమ్మా. డేటాబేస్ ధర తమకి తెలియదని అందరూ సంతకం పెట్టి పంపాలి."

"అంకె వెయ్యాలాండీ, వద్దాండీ?" అందావిడ.

బుర్ర ఉన్న మనిషి అయితే ఇక్కడ ఆగిపోయేవాడు. తాళంకప్ప కూడా ఆగాడు, పెన్ను కొరుకుతూ ఆలోచించాడు. ఆయన ఆలోచించినప్పుడే విశ్వవిద్యాలయానికి నష్టం వస్తుంది. రెండేళ్ళ కిందట "సదరు వస్తువులు మా వద్ద లేవు" అని ఆయన రాసిచ్చిన కాగితం మీద, ఏ వస్తువులో స్పష్టంగా లేదని ఆడిట్ వాళ్ళు నానా చీవాట్లు పెట్టారు. అప్పటినుంచి సర్టిఫికెట్టు అంటే అన్ని వివరాలూ ఉండి తీరాలని ఆయన పట్టుబడతాడు.

"వెయ్యాలి! వెయ్యకపోతే దానికి విలువేముంది? రేపు ఎవడో 'నాకు తెలియనిది ఆ ధర కాదు, ఇంకో ధర' అంటే ఏం చేస్తాం? అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి వెయ్యండి."

"ఎనభై నాలుగు లక్షల ముప్ఫై వేలు అనేగాండీ?"

"అబ్బా, గట్టిగా అనకండమ్మా!" అని ఆయన లేచి వెళ్ళి తలుపు మూసొచ్చాడు. "ప్రతి కాపీ మీదా ఎర్ర సిరాతో 'అతి రహస్యం' అని స్టాంపు కొట్టండి."

"ఎవరెవరికి పంపమంటారు?"

"అందరికీ. ఒక్కళ్ళని వదిలేసినా, ఆ వదిలేసినవాడికి తెలుసంటుంది ఆవిడ. ప్రొఫెసర్లు, పార్ట్ టైం వాళ్ళు, వార్డెన్లు, తోటమాలి, ఒక్కళ్ళూ మిగలకూడదు."

ఆవిడ చీటీ మీద పేర్ల లెక్క రాసుకుంది. పదకొండున్నర కల్లా రెండువందల పన్నెండు కాపీలు తయారై వెళ్ళిపోయాయి. ఒక్కోదాని మీద ఇలా ఉంది: "లా కాలేజీ డేటాబేస్ నిమిత్తం విశ్వవిద్యాలయం ఏటా చెల్లిస్తున్న మొత్తం 84,30,000 (అక్షరాలా ఎనభై నాలుగు లక్షల ముప్ఫై వేలు మాత్రమే) అన్న విషయం నాకు తెలియదని, ఎవరి ద్వారానూ తెలియరాలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. సంతకం చేసే ముందు పూర్తిగా చదువుకోవలెను."

తాళంకప్ప దర్జీ దగ్గరికి వెళ్ళాడు. కోటు భుజాల దగ్గర బాగానే ఉంది, పొట్ట దగ్గర కాస్త బిగుతైంది. ఇంటికెళ్ళి భోంచేసి, అనుకున్నట్టే హాయిగా నిద్రపోయాడు.

బుధవారం ఉదయం ఆఫీసుకొచ్చేసరికి బల్ల మీద కాగితాల గుట్ట ఉంది. సూపరింటెండెంటు పక్కన నిలబడి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

"వృక్షశాస్త్రం హెడ్డు గారండి. 'నిన్న పదకొండున్నర దాకా తెలియదు. పదకొండు ముప్ఫై రెండుకి తెలిసింది. ఏమని రాయాలో చెప్పగలరు.'"

"ఇంకోటి చదవండి."

"కెమిస్ట్రీ హెడ్డు గారు. 'తెలియదు. తెలిశాక నిద్ర పట్టలేదు. మా లాబ్‌కి గ్యాసు బర్నర్లు కొనమని నాలుగేళ్ళుగా రాస్తుంటే డబ్బు లేదన్నారు. ఆ డబ్బు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది.' లెక్కల ప్రొఫెసరు గారు నాలుగు పేజీలు రాశారండి. తెలియదని చెప్పాలంటే ముందు తెలియాలట, తెలిసాక తెలియదనడం అసాధ్యమట, నిరూపణ జతచేశానంటున్నారు."

"నిరూపణలు ఎవడడిగాడు? ఎందుకు చదివారమ్మా వీళ్ళంతా?"

"పూర్తిగా చదువుకోవలెను అని మనమే కింద వేశామండి."

తాళంకప్ప రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "తెలియదని రాసివ్వమన్నాను గానీ తెలుసుకోమని చెప్పానా? ఇంత చదువుకున్నవాళ్ళు, ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లేదా!"

"లా కాలేజీ లైబ్రేరియన్ గారిది కూడా ఉందండి," అందావిడ. "'ధర తెలియదు. వాడకం తెలుసు. పోయిన ఏడాది మొత్తం మీద తొమ్మిదిసార్లు వెతికారు. అందులో నాలుగుసార్లు ఎవరో తమ పేరే కొట్టి చూసుకున్నారు.'"

ఈ నాలుగు ముక్కలతో గొడవ అక్కడితో ఆగిపోయేదే. ఒక రోజు గుసగుసలాడుకుని మరునాటికి ఎవరి పనిలో వాళ్ళు పడేవారు. ప్రొఫెసర్ల ఆవేశం కాఫీ చల్లారేదాకానే ఉంటుంది. కానీ తాళంకప్ప చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. పది నిమిషాలు గదిలో అటూ ఇటూ తిరిగి రెండో సర్క్యులర్ చెప్పాడు, ఆవిడ రాసుకుంది.

"నిన్నటి సర్టిఫికెట్టు ఫారంలో పేర్కొన్న అంకెను పేర్కొననట్టుగా భావించవలెను. చదివినవారు దాన్ని తక్షణం మరచిపోయి, మరచిపోయినట్టుగా మూడు గంటల్లోగా రసీదు పంపవలెను."

"అంకె మళ్ళీ వెయ్యాలాండీ?"

"వెయ్యకపోతే ఏ అంకె మరిచిపోవాలో వాళ్ళకెలా తెలుస్తుందమ్మా!"

నిజమే కదా. ఆవిడ అంకె వేసింది, అక్షరాల్లోనూ వేసింది. మంగళవారం సెలవులో ఉన్న ఇరవైమందికి ఏం మరచిపోవాలో అర్థం కాలేదని కబురు చేస్తే, వాళ్ళ సౌకర్యం కోసం మొదటి ఫారం కూడా జతచేసి పంపింది. అంతేకాదు, సమాచార విభాగం నుంచి వెళ్ళే ప్రతి సర్క్యులరూ అన్ని హాస్టళ్ళ నోటీసు బోర్డుల మీదా అంటించాలని ఒక పాత ఉత్తర్వుంది. దాని కింద సంతకం తాళంకప్పదే. ఫారానికి ఆ ఉత్తర్వు వర్తించదు, సర్క్యులరుకు వర్తిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి రెండో సర్క్యులర్ ఆరు హాస్టళ్ళలోనూ గోడ ఎక్కింది.

విద్యార్థులు గుంపులు గుంపులుగా వచ్చి చదివారు. ఎవరో పెన్సిలుతో దాని కిందే భాగహారం చేసి పెట్టారు: లైబ్రేరియన్ గారు చెప్పిన తొమ్మిదిసార్లకు పంచితే ఒక్కో వెతుకులాటకు తొమ్మిది లక్షల ముప్ఫై ఆరు వేలు, పైన చిల్లర. ఆ చిల్లరతోనైనా స్నానాల గది తలుపులకు గడియలు పెట్టించమని ఇంకెవరో రాశారు. సాయంత్రానికి ఆ కాగితం ఫొటో ఎన్ని ఫోన్లలో తిరిగిందో లెక్క లేదు.

తాళంకప్ప ఇంటికెళ్ళేసరికి భార్య కూరగాయల సంచీ బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, ఎనభై నాలుగు లక్షలటగా?"

ఆయన వెనక్కి తిరిగి వీధి తలుపు మూశాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదో అడగండి. కొట్టు దగ్గర వార్డెన్ గారి ఆవిడ చెప్పింది. ఆవిడ చెప్తుంటే కొట్టువాడు అంకె తప్పని సరిదిద్దాడు. ఊరందరికీ ఉత్తరాలు రాసి మరీ చెప్పారు, కట్టుకున్నదానికి ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా? మీ జీతమెంతో నాకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. అది కూడా బ్యాంకువాళ్ళు పొరపాటున ఫోన్ చేస్తే తెలిసింది."

"అది ఆఫీసు రహస్యం. ఇంట్లో మాట్లాడకూడదు. నువ్వు కూడా ఎవరి దగ్గరా అనకు."

"మా తమ్ముడికి చెప్పేశాగా!"

"వాడికెందుకు చెప్పావు?" అని అరిచినంత పని చేశాడు.

"నాకు తెలియదని నా దగ్గర సంతకం పెట్టించుకోలేదు కదా మీరు!" అందామె తాపీగా. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బావమరిది. పక్క ఊళ్ళో ఉన్న పెద్ద విశ్వవిద్యాలయంలో జమాఖర్చుల విభాగంలో అధికారి.

"బావగారూ, అక్క అంకె తప్పు చెప్పిందేమోనని చేశా. ఎనభై నాలుగా?"

"గట్టిగా అనకు."

"ఫోన్లోనే కదండీ. అదే డేటాబేస్‌కి మేం ఇరవై ఆరు కడుతున్నాం."

తాళంకప్ప నవ్వాడు. ఇంకొకరి అజ్ఞానానికి జాలిపడి నవ్వే నవ్వది. "మీరు చిన్నది కొనుంటారు. మాది ప్రత్యేక ధర. నలభై శాతం తగ్గించి, మాకొక్కళ్ళకే ఇచ్చారు."

"అలాగా! మాకూ నలభై శాతమే తగ్గించాడు. మాకూ ఒక్కళ్ళకే. కుర్చీ దగ్గరికి లాక్కుని నా చెవిలోనే చెప్పాడు, బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందని. మీకు ఏ చెవిలో చెప్పాడు బావగారూ?"

తాళంకప్ప ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు. ఆరేళ్ళుగా ఎవరి కోసం, ఎవరి నుంచి ఆ అంకెను దాచాడో ఆయనకు అప్పుడు అర్థమైంది. దాచింది తన విశ్వవిద్యాలయం లాభాన్ని కాదు, ఆ కంపెనీ దోపిడీని. ధర బయటపడితే మొదట బయటపడేది తన తెలివితక్కువతనమే. ఆ మాట ఒప్పుకునే దమ్ము ఆయనకు లేదు, బావమరిది ముందు అసలే లేదు. "మీ ఒప్పందం వేరు, మా ఒప్పందం వేరు," అని గొణిగి ఫోన్ పెట్టేశాడు. ఆ పూట భోజనం సయించలేదు.

బావమరిదికి మాత్రం హుషారెక్కింది. మరునాడు పొద్దున్నే తనకు తెలిసిన ఇంకో అయిదు విశ్వవిద్యాలయాల లెక్కల అధికారులకు ఫోన్లు చేశాడు. అందరికీ నలభై శాతం తగ్గింపే, అందరికీ "మీకొక్కళ్ళకే". ఒకరు ముప్ఫై కడుతున్నారు, ఒకరు నలభై ఒకటి, ఒకరు పంతొమ్మిది. ఎనభై నాలుగు కడుతున్నవాడు ప్రపంచం మొత్తం మీద తాళంకప్ప ఒక్కడే. గురువారం పదకొండు గంటలకు కంపెనీ మనిషి చెమటలు కక్కుతూ ఆయన గదిలోకి వచ్చి పడ్డాడు.

"సార్, నా కొంప ముంచారు సార్!"

"నువ్వు నా కొంప ముంచావు. నాకొక్కడికే అన్నావు!"

"అందరితోనూ అంటాం సార్, అది మా ట్రెయినింగులోనే ఉంటుంది. మీరు నమ్మి ఆరేళ్ళు దాచిపెట్టారంటే అది మీ మంచితనం. ఇప్పుడు మిగతా ఆరు యూనివర్సిటీలూ ఫోన్లు చేసి, అందరికంటే తక్కువ ధర ఎవరికిస్తున్నావో అది మాకివ్వమంటున్నాయి. మీకు ఇరవై నాలుగుకి తెచ్చా. సంతకం పెట్టండి సార్, మీకు దణ్ణం పెడతా. ఇంకో సర్క్యులర్ మాత్రం పంపకండి."

తాళంకప్ప కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఏడాదికి అరవై లక్షలు మిగిలాయని సంతోషించాల్సిన మనిషి, ఆరేళ్ళుగా ఏటా అరవై లక్షలు ఎవరి చేతుల మీదుగా పోయాయో శుక్రవారం ఎవరైనా అడుగుతారేమోనని వణుకుతున్నాడు. ఆయన బాధంతా అదొక్కటే. లాబ్‌లో బర్నర్లు, హాస్టల్లో గడియలు ఆయన ఊహలోకి కూడా రాలేదు.

సాయంత్రం నాలుగింటికి వకీలమ్మ వచ్చింది. ముప్ఫయ్యో రోజు. నల్ల కోటు చేతి మీద వేసుకుని, ఎదురుగా కుర్చీలో కూర్చుంది. తాళంకప్ప గొంతు సవరించుకుని, ముందే టైపు చేయించి పెట్టుకున్న జవాబు ఆవిడ ముందుకు జరిపాడు. మీరు కోరిన సమాచారం అతి రహస్యమైనందున ఇవ్వడం కుదరదు. అలవాటైన చెయ్యి మరి, ఊరంతా గగ్గోలు పెడుతున్నా ఆగలేదు.

ఆవిడ చదివి, మడిచి పక్కన పెట్టింది. సంచీలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఎర్ర స్టాంపు మెరిసింది.

"నేను మీ లా కాలేజీలో వారానికి రెండు క్లాసులు చెప్తానండి. పార్ట్ టైం వాళ్ళని డేటాబేస్ తెరవనివ్వరు గానీ, ఇది మాత్రం నాకూ వచ్చింది."

తాళంకప్ప ఆ స్టాంపును వేలితో రుద్ది చూశాడు. తన ఆఫీసుదే.

"తెలియదని సంతకం పెట్టమన్నారు. వకీలునండీ నేను, అబద్ధపు సర్టిఫికెట్టు ఇవ్వలేను కదా. అందుకని రసీదు రాసుకొచ్చా," అని ఆవిడ రెండో కాగితం ఇచ్చింది. కోరిన సమాచారం గడువుకు రెండు రోజుల ముందే, అంకెల్లోనూ అక్షరాల్లోనూ అందిందని, కృతజ్ఞతలని అందులో ఉంది. "దీని కాపీ వీసీ గారికి, ఒకటి సమాచార కమిషన్‌కి పంపాను. పోయిన నెల మాకు పదిహేను లక్షలు చెప్పినవాడు ఇవాళ మధ్యాహ్నం రెండు లక్షలకి ఒప్పుకున్నాడు. ముప్ఫైమందిమి తలా కాస్త వేసుకుంటే సరిపోతుంది. సోమవారం నా కేసుంది, మొదటిసారి తీర్పులు చూసుకుని వెళ్తున్నా. మీ మేలు మర్చిపోనండి."

ఆవిడ నిజంగానే అంది, వెటకారం లేదు. లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. తనకు ఎవరో కృతజ్ఞతలు చెప్పడం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి కావడంతో, తాళంకప్పకు ఏం చెయ్యాలో తోచలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు కొత్త కోటు తొడుక్కుని వీసీ గది మెట్లు ఎక్కుతూ, చెప్పాల్సింది వల్లె వేసుకున్నాడు. పొరపాటు జరిగిపోయిందండి. దాచాలనే చూశాను, నా ఖర్మ కొద్దీ బయటపడింది. ఇకముందు ఇంకా జాగ్రత్తగా దాస్తాను. క్షమించండి. ఆరేళ్ళలో ఆయన తయారుచేసిన వాక్యాల్లో నిజమున్నవి ఇవే.

గదిలో వీసీ గారు, ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. వీసీ గారి చేతిలో వకీలమ్మ రసీదు ఉంది.

"రండి రండి, కూర్చోండి. మీ గురించే మాట్లాడుకుంటున్నాం. సమాచార కమిషన్ నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. అడిగినావిడకే కాదు, అడగని రెండువందల మందికి కూడా రాతపూర్వకంగా సమాచారం ఇచ్చిన అధికారిని ఇంతవరకూ చూడలేదన్నారు. పైగా అరవై లక్షలు మిగిల్చారు!"

తాళంకప్ప వల్లె వేసుకున్నదంతా మరచిపోయాడు. వెన్ను నిటారైంది, పొట్ట దగ్గర కోటు గుండీ బిగిసింది. "అంతా మీ ఆశీర్వాదమండి," అన్నాడు.

వీసీ గారు ముందుకు వంగి గొంతు తగ్గించారు. "ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. ఆ ధర మీ చేతిలోంచి పొరపాటున జారిపోయిందా? లేక మీరే కావాలని బయటపెట్టారా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అయితే పొగడ్త రుచి అప్పుడే తెలిసిన మనిషి కదా, నిజాన్ని మింగేశాడు. "నేనే బయటపెట్టానండి. ముందు నుంచీ నా పథకం అదే. సూటిగా చెప్తే కంపెనీవాళ్ళు అడ్డుపడతారని సర్టిఫికెట్ల దారిలో పంపాను. ప్రజల సొమ్ముకి లెక్క ప్రజలకి చెప్పాలన్నది నా సిద్ధాంతమండి."

వీసీ గారు వెనక్కి వాలారు. సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"అయ్యో," అన్నారు వీసీ గారు. "మేం పొరపాటే అనుకున్నామండి. పాపం దాచాలని చూశాడు, దాచడం చేతకాలేదు, పోనీ మనసు మంచిదే కదా, నేర్చుకుంటాడులే అనుకుని మీ పేరే ఖాయం చేశాం. ఇదిగో చూడండి." కాగితం తిప్పి చూపించారు. రిజిస్ట్రారు అన్న మాట కింద తాళంకప్ప పేరు టైపు చేసి ఉంది. "రిజిస్ట్రారు దగ్గర ఎన్ని ఫైళ్ళుంటాయి! నా బంగళా మరమ్మతులు, వీళ్ళిద్దరి ప్రయాణ ఖర్చులు... మీలాంటి సిద్ధాంతం ఉన్న మనిషిని అక్కడ కూర్చోబెడితే మా గతేం కావాలి?" అని పెన్ను తీసి పేరు కొట్టేశారు.

"అయ్యా!" అని తాళంకప్ప లేచి నిలబడ్డాడు. "అది పొరపాటేనండి! నా మీద ఒట్టు, దాచాలనే చూశాను. నా అంత దాచేవాడు ఈ క్యాంపస్‌లో లేడండి. మూడువందల ముప్ఫైతొమ్మిది దరఖాస్తులు తిప్పికొట్టాను, కావాలంటే సూపర్నెంటు గారిని అడగండి!"

"ఆహా, ఎంత వినయం," అన్నాడు ఒక సభ్యుడు, కళ్ళు చెమర్చినట్టు తుడుచుకుంటూ. "చేసిన మంచి చెప్పుకోవడం కూడా ఇష్టం లేదు."

"మీరు రిటైరయ్యేదాకా సమాచార అధికారి కుర్చీలోనే ఉండాలి. ఇది మా అందరి కోరిక," అని వీసీ గారు చెయ్యి కలిపారు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య కోటు గుండీ ఒకటి తెగి బల్ల కిందికి దొర్లింది. దాన్ని వెతుక్కునే ఓపిక కూడా లేక తాళంకప్ప మెట్లు దిగి తన గదికి వెళ్ళిపోయాడు.

రిజిస్ట్రారు పదవి ఆ సాయంత్రమే క్రీడల విభాగం డైరెక్టరుకు ఇచ్చారు. రెండువందల పన్నెండు మందిలో ధర తెలియదని సంతకం పెట్టి పంపినవాడు ఆయనొక్కడే.